కొత్త శ్రుతిపెట్టె

మా అమ్మాయి పాట సాధనకు ఫోన్‌లో శ్రుతి యాప్ పెట్టుకుంది. స్వరం ఎంత తప్పిందో తెరమీద అంకెల్లో చూపిస్తుంది. అంకెల మనిషిని కాబట్టి నాకు భలే నచ్చింది. కానీ ఆ గుంయ్‌మనే శబ్దం నన్ను చిన్నప్పటి శ్రీకూర్మంలోని మా ఇంటికి తీసుకుపోయింది.

తాతయ్య పాడుతుంటే పక్కన కూర్చుని శ్రుతిపెట్టె వాయించడం మా మేనత్త పని. ఒకరోజు తాతయ్య కరెంటు శ్రుతిపెట్టె తెచ్చాడు. మీట నొక్కగానే దానంతట అదే మోగింది. అంతకుముందు గ్రైండరొచ్చాక మా రుబ్బురోలు పెరట్లోకి పోయింది. నా లెక్కలో ఇక అత్త వంతు.

"తాతా, అత్తని ఎక్కడికి పంపేస్తావు?" అని ఏడ్చాను.

తాతయ్య నవ్వి అత్తవైపు తిరిగాడు. "ఇన్నావేటే? ఇన్నాళ్లూ నీ సేతులు నేనే కట్టీసినాను. ఇప్పుడు తాళమేసి పాడు."

"నాకేటొచ్చు నాన్నా?"

"వంటింట్లో పాడతావు కదే. నాకు సెవుడేటి?"

అత్త కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. మొదటి స్వరమే కిందికి జారింది.

ఈ యాప్ అయితే దాన్ని ఎర్ర అంకెతో చూపించేది. తప్పేం లేదు, లెక్క లెక్కే. తాతయ్య మాత్రం చెయ్యి చాచి, అత్త గొంతు వినబడేలా కొత్త పెట్టె శబ్దం కాస్త తగ్గించాడు.