పసుపు పూసిన రేడియేటరు

మొన్న తాడేపల్లిగూడెం స్టేషను బయట ఒక టాక్సీ ఆవిర్లు కక్కుతూ ఆగిపోతే, దాని యజమాని డ్రైవరును నలుగురిలో నిలబెట్టి తిట్టడం చూసి నా పాత కోపం మళ్లీ రాజుకుంది.

మన ఈడువారికి గుర్తుండే ఉంటుంది, ముప్పయ్యో దశకంలో ఏలూరు వీధిలో కారు కనబడితే జనం అరుగులు దిగి చూసేవారు. అలాంటి రోజుల్లో మా అక్క భర్త, మా బావగారు, ఊళ్లో ఒక షావుకారు దగ్గర డ్రైవరుగా ఉంటూ, ఆయన మద్రాసు నుంచి తెప్పించిన రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు నడిపేవారు. కొల్లేటి గట్టు మీద షికారుకు వెళ్లినప్పుడల్లా ఇంజను కాగిపోయేది. బావగారు బద్ధకించి నీళ్లు పోయడం లేదని యజమాని తీర్మానించి, మరొక్కసారి కాగితే పనిలోంచి తీసేస్తానన్నారు. అక్కకు అప్పుడు నెలలు నిండుతున్నాయి.

నేను బియ్యం మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి. చదివింది తక్కువే గాని, దేన్నయినా పోల్చి చూడందే నిద్రపట్టని స్వభావం. ఎప్పుడు కాగుతోంది, ఎప్పుడు కాగడం లేదు అని బావగారిని గుచ్చి గుచ్చి అడిగితే, గట్టి వాన కురిశాక చల్లగానే నడుస్తోందని, శుక్రవారం పూజ కాగానే మళ్లీ మొదలవుతోందని తేలింది. వెళ్లి చూద్దును కదా, యజమాని తల్లిగారు గడపకు పూసినట్టే కారు ముఖానికీ పసుపు, బియ్యప్పిండి కలిపి దట్టంగా పూస్తున్నారు! గాలి దూరవలసిన రేడియేటరు గళ్లన్నీ ఎండిన ముద్దతో పూడిపోయాయి.

"నాకు తెలియక కాదోయ్, పెద్దమ్మగారి పసుపు కడిగే ధైర్యం ఎవరికుంది?" అన్నారు బావగారు.

నేనే వెళ్లి యజమానికి చెప్పాను. ఆయన అంతా విని, "అమ్మతో ఆ మాట నేననలేనయ్యా" అని, ఆ సాయంత్రమే బావగారిని మానిపించేశారు. కారణం తెలిశాక కూడా!

ఒళ్లు మండి ఆ తల్లి దగ్గరికే వెళ్లాను. ఆవిడ పకపకా నవ్వి, "ముక్కు మూసేశానా అబ్బాయీ! చెబితే చక్రాలకే రాద్దును కదా. మావాడి నోట్లో నాలుక లేదూ?" అంటూ పీచు తెప్పించి దగ్గరుండి కడిగించారు. ఆ తరువాత కారు ఎన్నడూ కాగలేదు. అప్పటికే కొత్త డ్రైవరు వచ్చేశాడు. ఇంజను బాగు చేసిన ఘనత కూడా అతనికే దక్కింది.

ఇప్పుడు డ్రైవర్లకు సంఘాలున్నాయి, అన్యాయం జరిగితే ఇదేమిటని నిలదీసేవారున్నారు. బావగారికి ఇవేవీ అందలేదు. మా మిల్లుకు ధాన్యం తోలే ఎడ్లబండి పట్టారు. వెనకనుంచి ఎర్ర కారు హారను వినబడితే, ఎడ్లను పక్కకు తప్పించి దారి ఇచ్చేవారు.