వెర్లిన్ మునగవలసిన మడుగు

ఓర్ఫా స్లోన్ మా లోయలో పదకొండేళ్ళపాటు నీళ్ళ గురించి చెప్పింది. ఎవరూ అడగకపోయినా చెప్పింది. చర్చి మెట్ల మీద చెప్పింది, పోస్టాఫీసు వరుసలో చెప్పింది. అంత్యక్రియల భోజనాల దగ్గరైతే, ఎదుటివాడి నోట్లో కోడిముక్క ఉండి జవాబు చెప్పలేని సమయం చూసి మరీ చెప్పింది. బడిలో వంటమనిషిగా పాతికేళ్ళు చేసి దిగిపోయిన మనిషి. ఆ తర్వాత కౌంటీ కేంద్రంలో వాగుల సంరక్షణ మీద రెండు రోజుల తరగతికి వెళ్ళి, ఒక వలతోనూ, పరీక్ష సామాను ఉన్న పెట్టెతోనూ, మెడలో వేసుకునే ఒక కార్డుతోనూ తిరిగివచ్చింది. ఆ కార్డు ఆదివారం చర్చికి కూడా వచ్చేది.

ప్రతి వసంతంలో ఐదో తరగతి పిల్లలను బేర్‌వాలో అనే మా వాగులోకి దింపి రాళ్ళు తిప్పించేది. రాతి అడుగున రెండు తోకల పురుగు కనబడితే నీళ్ళు బాగున్నట్టు. జలగలు తప్ప ఇంకేమీ లేకపోతే బాగా లేనట్టు. చూశాక రాయిని ఎక్కడిదక్కడ పెట్టించేది. "ఎవరింటి కప్పయినా సరే, తీసి అవతల పారేస్తే ఊరుకుంటారా?" అనేది.

పిల్లలకు పురుగులు తెలిశాయి. పెద్దలకు తెలియవలసింది వేరే ఉంది, అది వాళ్ళకు ముందే తెలుసు. మా వాగు పొడుగునా పన్నెండు ఇళ్ళు. కొండకూ కొండకూ మధ్య రోడ్డూ, వాగూ, ఇల్లూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ట్యాంకు పాతే జాగా ఎవరికీ లేదు. కనక పదకొండు ఇళ్ళ మరుగుదొడ్ల నుంచి పదకొండు గొట్టాలు నేరుగా వాగులోకి వస్తాయి. రోడ్డు మీంచి స్పష్టంగా కనిపిస్తాయి. మేము మర్యాద తెలిసినవాళ్ళం కాబట్టి అటు చూడము.

పన్నెండో ఇల్లు, అన్నిటికంటే దిగువన ఉన్నది, ఓర్ఫాది. దానికి మాత్రం సిమెంటు ట్యాంకు ఉంది. ముప్పై ఏళ్ళ కింద ఆమె రెండో కాన్పుకు అక్క ఇంటికి వెళ్ళిన రెండు వారాల్లో భర్త వెర్లిన్ తన చేతులతో కట్టాడు. ఆమె ఉపన్యాసాలన్నిటికీ ఆ ట్యాంకే వేదిక.

ఆమె ఇంటికి వంద అడుగుల దిగువన మడుగు ఉంది. మా చర్చివాళ్ళు బాప్తిస్మాలు ఇచ్చుకునే మడుగు. నిలువెత్తు మనిషి నడుం దాకా దిగి వెనక్కి వాలితే పూర్తిగా మునిగే లోతు ఈ వాగులో ఇంకెక్కడా లేదు. ఓర్ఫా నెలకోసారి అందులో నీళ్ళు ముంచి, చిన్న పలక మీద పోసి, కోడిగుడ్లు పొదిగించే పెట్టెలో ఒక రోజంతా వెచ్చగా ఉంచేది. నీళ్ళలో ఉండకూడని క్రిమి ఉంటే ఒక్కొక్కటి ఒక్కో నీలిచుక్కయి తేలుతుంది. రెండు చుక్కల వరకూ మనిషి దిగవచ్చు. మడుగులో ఎన్నడూ నలభైకి తగ్గలేదు.

ఎగువన ఆఖరి ఇంటి డెల్మర్ కాడిల్ కనబడ్డప్పుడల్లా అడిగేవాడు.

"ఏం పిన్నీ, ఈ నెల ఏం పొదిగావు?"

"నీ పిల్లల్నే, డెల్మర్. నలభై ముగ్గురు. అందరివీ నీ పోలికలే."

ఆమె అంకెలకు సిగ్గుపడి చర్చివాళ్ళు ఆరేళ్ళ కిందే ఆ మడుగును వదిలేశారు. బాప్తిస్మానికి పక్క కౌంటీలో ఉన్న డ్యాము చెరువుకు గంట ప్రయాణం చేసేవారు. అది ఓర్ఫా సాధించిన ఒకే ఒక్క విజయం.

ఆ సెప్టెంబరులో వెర్లిన్ చర్చిలో లేచి నిలబడ్డాడు.

గనిలో ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన మనిషి. ఊపిరితిత్తుల నిండా బొగ్గు. ముక్కుకు గొట్టం, పక్కన సిలిండరు. నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు కాని, సంఘంలో చేరలేదు. మాలో తొందరపెట్టే అలవాటు లేదు. పిలుపు వస్తే మనిషే లేస్తాడు, తన సంగతి నలుగురిలో చెప్పుకుంటాడు, పారే నీళ్ళలో మునుగుతాడు. వెర్లిన్ రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పుకున్నాడు. ముసలి పాస్టరు ఎల్జీ కళ్ళు తుడుచుకుని, చెరువుకు ఎప్పుడు వెళదామన్నాడు.

"చెరువుకు రాను, బ్రదర్. అమ్మ మునిగింది మన మడుగులో. ఓర్ఫా మునిగిందీ అక్కడే. నేను కట్టేసిన నీళ్ళలో మునగను."

డాక్టరు అప్పటికే అతని ఆయుష్షు వారాల్లో చెబుతున్నాడు. ఆ నీళ్ళు ఒక్క గుక్క ఆ ఊపిరితిత్తుల్లోకి పోతే వారాలు కూడా అక్కర్లేదు. ఇది సంఘంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి మూడో బెంచీలో, మెడలో కార్డుతో, తల వంచుకుని కూర్చుంది. ఆ రోజు ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సాయంత్రం డెల్మర్ ఆమె వసారా దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు.

"పిన్నీ, మేమందరం ఆపేస్తే మడుగు తేరుకుంటుందా?"

"ఏం ఆపేస్తే?"

"నా చేత చెప్పించకు, పిన్నీ. ఆదివారం పూట."

"వాన పడకపోతే నాలుగు రోజులకు తేరుకుంటుంది."

"అయితే బుధవారం నుంచి."

పదకొండేళ్ళ ఉపన్యాసాలకు కదలని లోయ ఒక మనిషి ఊపిరి అందక ఆగి ఆగి చెప్పిన నాలుగు మాటలకు కదిలింది. బుధవారం పొద్దున్నుంచి పదకొండు ఇళ్ళలో ఎవరూ మరుగుదొడ్డి గొలుసు లాగలేదు. తాతల నాటి పెరటి దొడ్ల తలుపులకు కొత్త బందులు పడ్డాయి. సున్నం బకెట్లు వచ్చాయి. డెల్మర్ తల్లిని కూతురింటికి పంపేశారు. తొమ్మిది మైళ్ళ అవతల ఉన్న పెట్రోలు బంకుకు మా వాళ్ళ బళ్ళు వెళ్ళిన వేగం అంబులెన్సుకు కూడా ఉండదు. బంకు నడిపేవాడు రెండో రోజున అక్కడి మరుగుదొడ్డి తాళంచెవి దాచేశాడు. ఒక ఆత్మ రక్షణ కోసం ఇంతమంది ఇంతసేపు ఇంత నిగ్రహంగా కూర్చున్న ఉదంతం చర్చి చరిత్రలో మరొకటి ఉందని నేననుకోను.

శనివారం పొద్దున ఓర్ఫా రెండు చోట్ల నీళ్ళు ముంచింది. ఒకటి తన ఇంటి ఎగువన వంతెన దగ్గర, ఒకటి మడుగులో. ఆదివారం పొద్దున వంటింట్లో పెట్టె తెరిచింది. వంతెన పలక మీద ఒక్క చుక్క. మడుగు పలక మీద పదకొండు.

వంతెనకూ మడుగుకూ మధ్య ఉన్న ఇల్లు ఒక్కటే.

వెర్లిన్ తెల్ల చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆమె రెండు పలకలూ తెచ్చి అతని ముందు బల్ల మీద పెట్టింది.

"వెర్లిన్, ఇది మనదే. ట్యాంకు ఎక్కడో పగిలినట్టుంది."

అతను పలకల వంక చూశాడు. తర్వాత కిటికీ వంక.

"ట్యాంకు పగల్లేదు."

"మరి?"

"ట్యాంకు లేదు, ఓర్ఫా."

ఆమె కూర్చుంది.

"అక్కడున్నది మా అన్న పాత కారు. ఇంజను తీసేసి, లోపల రాళ్ళు నింపి, పాతిపెట్టి, మరుగుదొడ్డి గొట్టం దాంట్లోకి పెట్టా. పైన సిమెంటు పలక పోశా. నువ్వు పసిదాన్నెత్తుకుని వచ్చి, ఆ పలక మీద నిలబడి, ఎంత బాగా కట్టావో అన్నావు. అప్పుడేం చెప్పను?"

"ముప్పై ఏళ్ళు."

"కార్డు వేసుకుని వచ్చిన రోజున చెబుదామనుకున్నా. ఆ రోజు మరీ సంతోషంగా ఉన్నావు." ఊపిరి తీసుకున్నాడు. "ఈపాటికి మట్టయిపోయి ఉంటుందనుకున్నా. నిజం."

"సీటు కూడా తియ్యలేదా?"

"వెనక సీటు ఉంచేశా."

ఓర్ఫాకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. అవతల రోడ్డు మీద సంఘంవాళ్ళ బళ్ళు ఆగుతున్న చప్పుడు వినబడుతోంది.

"పలకలు చూపించకపోతే ఎవరికీ తెలియదు," అన్నాడు వెర్లిన్.

"నాకు తెలుసుగా."

"నాకూ తెలుసనుకో. పద, నన్ను లేపు."

ఒడ్డున అరవై మంది దాకా ఉన్నారు. పాట మొదలుపెట్టబోతున్న ఎల్జీని వెర్లిన్ చెయ్యెత్తి ఆపాడు. కారు సంగతి చెప్పాడు. అన్న పేరు చెప్పాడు, కారు రంగు చెప్పాడు, వెనక సీటు సంగతి కూడా వదల్లేదు. నాలుగు రోజులుగా బకెట్ల మీద కూర్చున్న జనం అది విన్నారు. చివరికి డెల్మర్ అన్నాడు.

"అయితే పిన్నీ, ఆ నలభై ముగ్గురిలో మీ పిల్లలూ ఉన్నారన్నమాట."

నవ్వారు. ఓర్ఫా నవ్వలేదు. ఎల్జీ మాత్రం బూట్లు విప్పుతున్నాడు.

"బ్రదర్ వెర్లిన్, దేవుడు చుక్కలు లెక్కపెట్టడు. పద."

"ఆయన పెట్టకపోవచ్చు. నీకు ఎనభై ఒక్కేళ్ళు. నా మురికిలోకి నిన్ను దింపి నేను కడుక్కుంటే, అది కడుక్కోవడం అవుతుందా?"

ఎల్జీ బూట్లు మళ్ళీ వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఉపాయం డెల్మర్‌దే. వంతెన ఎగువన నీళ్ళు బాగానే ఉన్నాయి, లోతే లేదు. రాళ్ళు అడ్డం పేరిస్తే వచ్చే ఆదివారానికి నడుం లోతు వస్తుంది. నీళ్ళు పై నుంచి పొర్లుతూనే ఉంటాయి కాబట్టి పారే నీళ్ళకిందే లెక్క అని ఎల్జీ కాస్త ఆలోచించి ఒప్పుకున్నాడు. ఎగువ ఇళ్ళవాళ్ళు ఇంకో వారం బకెట్లకు ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలుతో మా లోయ మీద నాకున్న అభిప్రాయాలు కొన్ని మార్చుకోవలసి వచ్చింది.

సోమవారం నుంచి సగం మంది వంతెన దగ్గర రాళ్ళు మోశారు, సగం మంది ఓర్ఫా పెరట్లో కారును తవ్వారు. మంచం కిటికీ పక్కకు జరిపించుకుని వెర్లిన్ అక్కణ్ణుంచే అజమాయిషీ చేశాడు. "ఎడమ తలుపు పట్టి లాగకండిరా, ఊడొస్తుంది!" అన్నాడు. లాగారు, ఊడివచ్చింది. ఆ రోజు బీన్సూ మొక్కజొన్న రొట్టే రెండు ముద్దలు తిన్నాడు. మంగళవారం ఏమీ తినలేదు. రాళ్ళు ఎంత ఎత్తు వచ్చాయని గంటకోసారి అడిగాడు. మోకాలి దాకా అని ఓర్ఫా చెప్పింది. కొలిచి వచ్చి మరీ చెప్పింది.

"నన్ను పడుకోబెడితే మోకాలి లోతు చాలదూ?"

"చాలదు. ముక్కు తేలుతుంది."

"నీకు అన్నీ లెక్కే."

బుధవారం మధ్యాహ్నం, నీళ్ళు మోకాలు దాటి నాలుగు అంగుళాలు వచ్చిన వేళ, వెర్లిన్ పోయాడు.

శనివారం పాతిపెట్టారు. మునగని మనిషి గురించి మా పాస్టర్లు పరలోకం ఖాయమని చెప్పరు. అతనికి ఒక ఆశ ఉండేది అంటారు, అంతే. ఎల్జీ ఆ మాట అని, దాని తర్వాత ఇంకేదో అనబోయి, కుదరక, పాట ఎత్తుకున్నాడు. భోజనాల దగ్గర ఓర్ఫా వెనకాలే ఎవరో అన్నారు: "ఆ చుక్కలు లెక్కపెట్టకుండా ఉంటే బాప్తిస్మం పొందాకే పోయేవాడు పాపం." ఆమెకు వినబడింది. వినబడాలనే అన్నారు. ఆ పూట ఆమె నీళ్ళ గురించి మాట్లాడలేదు. కోడిముక్కలు వడ్డించింది.

అందరూ వెళ్ళాక డెల్మర్ గిన్నెలు సర్దుతూ అన్నాడు. "ఆ పొద్దున పెట్టె తెరవకుండా ఉండాల్సింది, పిన్నీ."

"తెరిచాను."

"నేననేది నీ తప్పని కాదు."

"తెలుసురా. తెరిచాను, చూశాను, అడిగాను. అడక్కపోతే వెర్లిన్ చెప్పకుండానే పోయేవాడు. ఏది మేలో నాకు తెలియట్లేదు. దానికి పలక లేదు."

ఒప్పుకున్నది ఆదివారం దాకా. ఆదివారం దాకా ఎవరూ గొలుసు లాగలేదు. మునిగే మనిషి లేకపోయినా మాట మాటే కాబట్టి ఆగారు. ఆ పొద్దున మడుగులో ముంచిన నీళ్ళకు ఒకే ఒక్క చుక్క వచ్చింది. పదకొండేళ్ళలో అంత మంచి నీళ్ళు లేవు. ఆమె కాగితం మీద రాసింది: వాన లేదు, వాసన లేదు, చుక్క ఒకటి. కారణం అని ఉన్నచోట ఖాళీగా వదిలి కౌంటీకి పంపింది.

సోమవారం పొద్దున ఓర్ఫా వంతెన మీద నిలబడి ఉండగా ఎగువన ఎక్కడో మొదటి గొట్టం వాగులోకి వదిలిన చప్పుడయింది. తర్వాత ఇంకోటి. బకెట్ల మీద మనుషులు ఎంతకాలం బతుకుతారు. ఆమె కోపం తెచ్చుకోలేదు. డెల్మర్ ట్రక్కు వచ్చి వంతెన మీద నెమ్మదించింది. అతను అద్దం దించాడు గాని ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"పనికి వేళయింది, పిన్నీ."

"వెళ్ళు నాయనా."

అతను వెళ్ళలేదు. ఇంజను ఆడుతూనే ఉంది. కింద నీళ్ళు రాళ్ళ కట్ట మీంచి పొర్లుతున్నాయి. చివరికి ఆమే ట్రక్కు తలుపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి పంపించింది.