ఇయన్ గారికి ‘ఆంగ్లరత్న’ బిరుదు

మొన్న శనివారం మా బేస్‌మెంట్‌లో ఊరందరి ముందు నా పరువు ఎలా పోయిందో చెబుతా, వినండి! నవ్వితే నవ్వారు గానీ, టీ మాత్రం ఒలకబోసుకోకండి.

కెనడాలో మా ఓక్‌విల్ తెలుగువాళ్ళం ఉగాదికని ఒక కమ్యూనిటీ హాలుకి అప్లై చేశాం. అదే రోజుకి ఇంకో డాన్స్ స్కూల్ వాళ్ళూ అడిగారట! పిల్లలేమో చలికాలమంతా కూచిపూడి ప్రాక్టీస్ చేసి ఉన్నారు. హాలు రాకపోతే వాళ్ళ మొహాలెలా చూడాలి? ఎవరికివ్వాలో తేల్చేది హాలు కమిటీ ప్రెసిడెంట్ ఇయన్ గారు. డెబ్బై దాటిన పెద్దాయన. నేనేమో మన అసోసియేషన్ కల్చరల్ సెక్రటరీని. “ఆయన్ని నాకొదిలేయండి” అన్నా, మీసం మీద చెయ్యేసి.

మనకి పని కావాలంటే ఏం చేస్తాం? సన్మానం! శాలువా, దండ, మెమెంటో, బిరుదు. అసలు బిరుదు లేని సన్మానం తిరగమోత పెట్టని పప్పు. ఆయన యాస వింటే బ్రిటన్ మనిషని ఎవరికైనా తెలిసిపోతుంది. ఇంకేం, మెమెంటో మీద ‘ఆంగ్లరత్న’ అని చెక్కించేశా. కేక్ మీద ఇంగ్లండ్ జెండా కూడా వేయించా. తెల్ల క్రీమ్ మీద ఎర్రటి అడ్డగీత, నిలువుగీత. అది చూసి పక్కింటి రావు గారు “ఎవరికండీ ఒంట్లో బాలేదు?” అని కంగారుపడ్డారు.

మా ఆవిడ సుజాత ముందే అంది, “ఆయనది ఏ ఊరో ఒక్కమాట అడిగితే పోలా?” అని. “సన్మానం చేయించుకునేవాణ్ణి ఊరూ పేరూ అడుగుతారా? సిటిజెన్‌షిప్ టెస్ట్‌లో ఫుల్ మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, నాకు చెప్తావా!” అని కసిరేశా.

ఇయన్ గారు రానే వచ్చారు. షూస్ విప్పుతూనే “మూర్తీ, నీకో మాట చెప్పాలి” అన్నారు. “తర్వాత సార్, ముందు కూర్చోండి!” దండ వేసేశా. మళ్ళీ ఏదో అనబోయారు. ప్లేట్లో గారె పెట్టా. నోరు నిండిపోయాక మైకు అందుకున్నా.

“మా తాతగారు మీ ఇంగ్లీషు రాజుని వెళ్ళగొట్టడానికి జైలుకెళ్ళారు సార్! ఆయన మనవణ్ణి నేను, పోయిన నెల కెనడా పౌరసత్వం తీసుకుంటూ ఆ వంశానికే విధేయుణ్ణని ప్రమాణం చేశా! పార్లమెంటు మీ ఇంగ్లండ్‌ది! క్రికెట్టు మీ ఇంగ్లండ్‌ది! బ్రిటన్ అంటేనే ఇంగ్లండ్!”

చప్పట్లే చప్పట్లు. ఇయన్ గారి మొహం మాత్రం ఎర్రబడిపోయింది. అల్లం పచ్చడి ఘాటనుకుని, “సుజాతా, మజ్జిగ పట్రా!” అని కేకేశా. ఈలోగా మా అమ్మాయి మేఘన నా చొక్కా లాగుతోంది.

“డాడ్, స్టాప్! హీ ఈజ్ స్కాటిష్!”

“అంతా ఒకటేలే అమ్మా. అందరూ ఇంగ్లీషోళ్ళే” అన్నా, మెల్లగా.

మెల్లగా అన్నాననుకున్నా. మైకు ఆన్‌లోనే ఉంది!

ఇయన్ గారు లేచారు. మెమెంటో వంక ఒకసారి, కేక్ వంక ఒకసారి చూశారు. మైకు తీసుకుని ఎంతో మర్యాదగా, “నన్నింత గొప్పగా ఆదరించిన ఈ తమిళ కుటుంబాలకి కృతజ్ఞతలు” అన్నారు.

నా ఒళ్ళు మండిపోయింది! హాలూ లేదు, గీలూ లేదు. “సార్! తమిళులు మా పొరుగువాళ్ళు, బంగారంలాంటి మనుషులు. కానీ మేం తెలుగువాళ్ళం! మా భాష వేరు, లిపి వేరు, మా గోంగూర రుచే వేరు! మా రాష్ట్రం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళున్నారు! ఒకటే ఎలా అవుతాం సార్?” అని ఊగిపోయా.

ఆయన చిన్నగా నవ్వి, “కదా!” అన్నారు.

అప్పటికి గానీ నాకు బుర్ర వెలగలేదు.

“మాది గ్లాస్గో, మూర్తీ. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్... రాజు ఒక్కడే, ఇల్లూ ఒక్కటే. పొయ్యిలు మాత్రం నాలుగు. మా చట్టాలు మావి, మా పార్లమెంటు మాది, మా జెండా మాది. నేను కెనడా వచ్చి నలభై ఏళ్ళు దాటింది, ఈ దేశమంటే నాకు ప్రాణం. కానీ నన్ను ఇంగ్లీషువాడంటే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది!”

వెనక నుంచి కరీంనగర్ రాజిరెడ్డి “మంచిగ చెప్పిండు సారు!” అని ఈల వేశాడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు. ఎందుకో నాకూ కళ్ళు చెమర్చాయండీ. ఎక్కడో పుట్టి, ఇక్కడ ముసలివాడై, ఇప్పటికీ ఊరి పేరు చెబుతుంటే ఆయన ఛాతీ ఎలా పొంగిందో! అచ్చం మనవాడే అనిపించింది. వెళ్ళి గట్టిగా వాటేసుకున్నా. క్షమాపణ చెప్పి, చివరికి “సార్... మరి హాలు?” అన్నా.

“అదే కదయ్యా గుమ్మంలోంచీ చెప్పబోతున్నా! కమిటీ మంగళవారమే మీకు ఖాయం చేసింది. నువ్వు నన్ను మాట్లాడనిస్తేగా!”

సుజాత నావైపు చూసిన చూపుంది చూశారూ, వద్దులెండి.

ఉగాదికి మీరంతా తప్పకుండా రావాలి. ఇయన్ గారే చీఫ్ గెస్ట్. కుర్చీలు, భోజనాలు, పచ్చడి అన్నీ నేనే చూసుకుంటున్నా. మైకు మాత్రం మేఘనకి ఇవ్వాలని అసోసియేషన్ ఏకగ్రీవంగా తీర్మానించింది. నేనూ అనుకూలంగానే ఓటేశానండోయ్! నా చెయ్యి సుజాత పట్టుకుని పైకెత్తింది.