సోని పోసిన బకెట్టు

మా హోటల్ ముందు ఆగే డెలివరీ కుర్రాళ్లందరిలో హారన్ కొట్టనివాడు కిల్లో ధనుంజయ్ ఒక్కడే. లోపలికి వచ్చి, కౌంటర్ పక్కన నిలబడి, నేను తలెత్తే దాకా కనిపెట్టుకుని ఉండేవాడు. ఇంత మర్యాద ఈ పనికి పనికిరాదురా అని చెప్తే నవ్వేవాడు. నేను సాలూరు నుంచి కొండెక్కి అరకులో హోటల్ పెట్టి పద్నాలుగేళ్లయింది. మర్యాదతో బాగుపడినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. నేను బాగుపడ్డాను. ఎలాగో మీకే తెలుస్తుంది.

టూరిస్టులకు రిసార్టు గదిలో కాలు మీద కాలేసుకుని బొంగు చికెన్ తినాలి. అందుకోసం యాప్ వచ్చింది. ధనుంజయ్ కాఫీ తోటలో కూలి మానేసి, ఉన్న ఒక్క ఆవునీ అమ్మి పాత బండి కొన్నాడు. యాప్ అతన్ని పార్ట్‌నర్ అంటుంది. పార్ట్‌నర్ కాబట్టి పెట్రోలు అతనిదే, పంక్చరూ అతనిదే. వీపుకు తగిలించుకునే బ్యాగు కూడా సొంత డబ్బుతోనే కొనుక్కున్నాడు. దాని జిప్పు మాఘంలోనే ఊడిపోయింది. కొత్తది కొనలేక మూత మీద ప్లాస్టిక్ తాడు కట్టేవాడు.

"ఏదో ఒకరోజు ఆ తాడే నీ కొంప ముంచుతుంది" అన్నాను. నా నోరు మంచిది కాదు.

దానికి తోడు చలికాలం మంచులో రెండు ఆర్డర్లు ఆలస్యమై అతని స్టార్లు పడిపోయాయి. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఐడీ మూసేస్తామని యాప్ ఎర్ర అక్షరాలతో హెచ్చరించింది. ఐడీ పోతే బండి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అలాంటి సమయంలో చైత్రం వచ్చింది, ఇటుకల పండగ తెచ్చింది. పండగ రోజుల్లో మగాళ్లంతా వేటకు అడవికి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు కర్ర కట్టి, వచ్చేపోయే బళ్లను ఆపి పాడతారు, డబ్బులడుగుతారు. వేటకు వెళ్లకుండా ఊళ్లో మిగిలిన మగాడు దొరికితే పేడ నీళ్లు పోస్తారు. దానికి ఎవరూ కోపం తెచ్చుకోరు, తెచ్చుకోకూడదు. ధనుంజయ్ ఊళ్లో ఇంకో కట్టడి ఉంది. పెళ్లాం పోస్తే ఇంకెవరూ పోయకూడదు.

ఆ ఊరు సరిగ్గా మా హోటల్‌కీ రిసార్టుకీ మధ్యన ఉంది.

"ఈ నాలుగు రోజులూ ఫోను ఆపేసి వేటకు పోరా" అన్నాను.

"ఫోనాపేత్తే తరవాత ఆర్డర్లివ్వదు సార్" అన్నాడు.

రెండు రోజులు పదీ ఇరవై చేతిలో పెట్టి, దణ్ణాలు పెట్టి గట్టెక్కాడు. మూడో రోజు రిసార్టు నుంచి రెండు బొంగు చికెన్ ఆర్డరొచ్చింది. డబ్బాల్లో పెట్టి నేనే ఇచ్చాను. తాడు కట్టుకుని వెళ్లాడు. తర్వాత జరిగింది అతను నాకు ఒక్కసారే చెప్పాడు.

కర్ర దగ్గర అతని మేనత్త సోములమ్మ బండి తాళం లాగేసుకుంది.

"దిగవోయ్ అల్లుడా! మగోళ్లందరూ అడివిలో ఉంటే నువ్వు కోడికూర మోత్తన్నావేటి?"

"నీ కాళ్లు మొక్కుతానత్తా, ఒగ్గెయ్. బేగి ఎల్లాల. యాబై ఇత్తాను."

"నీ యాబై ఎవులిక్కావాలి? తానమాడి ఎల్లు!"

ఐదుగురు ఆడవాళ్లు బిందెలెత్తారు. ఒకరి తర్వాత ఒకరు పోసి, పాట పాడి, చుట్టూ ఆడితే అరగంట. ఆ గుంపులోనే అతని భార్య సోని ఉంది. మొగుడి తొందర ఆమెకు తెలుసు. అందర్నీ తోసుకుని వచ్చి, తన బకెట్టు పూర్తిగా అతని నెత్తిన కుమ్మరించింది. పేడ పక్కింటి ఆవుది. వీళ్ల ఆవు అప్పటికే బండి అయిపోయింది కదా.

"అయిపోనాది! నాను పోసీసినాను, ఇంకొగ్గీయండి!" అని అరిచింది.

కర్ర లేచింది. సోని నవ్వుతూ చెయ్యూపింది.

ఊరు దాటాక మలుపులో ఆగి తాడు విప్పి చూశాడు. జిప్పు లేని మూతలోంచి నీళ్లు లోపలికి దిగాయి. డబ్బాలను చొక్కాతో తుడిచాడు. వెనక్కి తిరిగితే ఫిర్యాదు ఖాయం. ముందుకు వెళ్తే ఏమో, గమనించకపోవచ్చు. నాకు ఫోన్ చేసి ఉంటే వేరే డబ్బాలు ఇచ్చేవాణ్ణని టూరిస్టులకు చెప్తుంటాను. ఇచ్చేవాణ్ణి కాదు. ఆ సంగతి అతనికి తెలుసు, అందుకే చెయ్యలేదు.

రిసార్టులో తలుపు తీసిన పెద్దమనిషి ఆ పొద్దున్నే అదే కర్ర దగ్గర ఐదొందలిచ్చి, సోములమ్మ పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఇప్పుడు డబ్బా మూత తీసి ముక్కు మూసుకున్నాడు.

"ఏంటిది? పేడా?"

"పండగ సార్" అన్నాడు ధనుంజయ్.

పెద్దమనిషి వీడియో తీశాడు. ఇరవై నిమిషాల్లో ఐడీ పోయింది.

కాసేపటికి యాప్ నన్నూ అడిగింది: మీరు ఇచ్చినప్పుడు ఆహారం శుభ్రంగా ఉందా? అవును, కాదు అని రెండు గడులు. కాదంటే నా హోటల్ ఆగిపోతుంది, అది సెలవుల సీజను. అవును నొక్కాను. నిజం చెప్పడం ఇంత సులువని అప్పటిదాకా తెలీదు. కింద నాలుగు మాటలు రాసుకోవడానికి చోటు కూడా ఉంది. ఇది ఊరి పండగ, పిల్లాడి తప్పు లేదు అని రాయొచ్చు. గిరాకీ ఎక్కువగా ఉంది, రాయలేదు.

సాయంత్రం అతను తల కూడా కడుక్కోకుండా వచ్చి కౌంటర్ పక్కన నిలబడ్డాడు.

"మీరొక్క మాట సెప్తే ఇంటారు సార్."

"చూద్దాం" అన్నాను. ఏజెన్సీలో పసిపిల్లలకు కూడా ఆ మాటకు అర్థం తెలుసు.

బండి అమ్మేశాడు. ఇప్పుడు మా పెరట్లో బొంగులు చీలుస్తున్నాడు. డెలివరీలో వచ్చేదానిలో సగం ఇస్తున్నాను. అడగలేదు కాబట్టి పెంచలేదు. చేరిన రోజు ఒక్కటే అడిగాడు.

"సోనికి సెప్పకండి సార్. బేగి ఒదిలించాలనే పోసింది."

పోయిన వారం సోని మా హోటల్‌కు విస్తర్లు కుట్టుకోమని అడ్డాకుల కట్ట తెచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఆ పోను కంపెనీవోలు పనిలోంచి తీసేత్తే మీరే కదా బాబూ ఆదుకున్నారు. ఎందుకు తీసేసినారో మాకు తెలవనే నేదు."

"మనుషులు ఎక్కువయ్యారటమ్మా" అన్నాను.

"అయితే వొచ్చే పండక్కి మీరు బెంగెట్టుకోకండి. ఈ ఏడాదిలాగే అందరికన్నా ముందు నానే పోసీసి, బేగి పనిలోకి అంపేత్తాను."

పెరట్లో కత్తి చప్పుడు ఆగింది. సోని వెళ్లిపోయిన చాలాసేపటికి మళ్లీ మొదలైంది.