గుహలో ఎండుమిరపకాయలు

మా ఆయన నా కథల్లో తప్పులు గోటితో పట్టేవారు. మిరప కళ్లంలో కాయ ఎండబోసే పట్టా మీద కూర్చుని నా కాగితాలు చదువుతూ, తప్పు దొరికిన చోట బొటనవేలి గోటితో పక్కన గీత గీసేవారు. తప్పు లేని కాగితాన్ని అరచేత్తో ఒకసారి తట్టి పక్కన పెట్టేవారు. ఆ తట్టు నాకు ఎప్పుడో గాని దక్కేది కాదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషి.

నేను రాసేవి కాలయంత్రం కథలు, ఒక పిల్లల పత్రికకి. ఆ చలికాలం రాస్తున్న కథలో గుంటూరు అమ్మాయి ఒకతె వేల ఏళ్లు వెనక్కి, మనుషులకి ఇంకా మాటలు కుదురుకోని రోజులకి వెళుతుంది. నల్లమల అంచున గుహ. అందులో ఒక తల్లి, ఆమె ఒళ్లో జ్వరంతో బిడ్డ. ఆ తల్లి గుప్పెట్లో ఎండుమిరపకాయలు పట్టి, బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తుంది. రాసి తెగ మురిసిపోయాను.

ఆయన గీసిన గీతకి కాగితం చిరిగింది.

"ఏమే, గుహలోకి మిరపకాయలు ఎవడు తోలాడే? మొన్న మొన్న ఓడల్లో వచ్చిన పంట అది. మిరప పండించేవాడి పెళ్లానివి, నువ్వే ఇట్టా రాస్తే ఎట్టా?"

"దిష్టి తీయడానికి మరేం తిప్పమంటారు?"

"వేపాకు తిప్పించు. లేదా ఏడిపించు. బిడ్డకి జ్వరమొస్తే తల్లి ఏడవదా?"

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత మిరపకాయలు కొట్టేసి వేపాకు పెట్టాను. ఆయన చెప్పిందే బాగుంది. ఆ మాట మాత్రం ఆయనకి చెప్పలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున టీ తాగుతూ, "కుడిచెయ్యి తిమ్మిరిగా ఉందే" అన్నారు. నేను గుహలో ఉన్నాను. ఆ బిడ్డని బతికించాలో వద్దో తేలక పేరా మధ్యలో కొట్టుకుంటున్నాను. తల ఎత్తకుండా "ఊ" అన్నాను. ఆయన కళ్లానికి వెళ్లి, ఎండుతున్న కాయ తిరగేస్తూ పడిపోయారు. కూలికొచ్చిన ఆడవాళ్లు కేకలు పెట్టేదాకా నాకు తెలియదు. గుంటూరు ఆసుపత్రికి చేరేసరికి మూతి వంకరపోయింది, కుడివైపు పడిపోయింది, మాట పోయింది.

"కాస్త ముందు తీసుకురావాల్సిందమ్మా" అన్నారు డాక్టరు.

ఇన్ని కాలయంత్రాలు నడిపాను. నాకు వేల ఏళ్లు అక్కర్లేదు. ఆ "ఊ"కి ఒక్క నిమిషం ముందు నన్ను దింపితే చాలు.

ఇంటికి తెచ్చాక అత్తయ్య దిష్టి తీసింది. మిరపకాయలు నిప్పుల్లో పడగానే ఘాటుకి ఇంట్లో అందరం దగ్గాం, ఆయన కూడా. ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టే లెక్క. ఇక ఈ పాపం ఏ పక్కింటివాళ్ల కంటి మీదకీ నెట్టడానికి లేదు. నాదే.

మాట్లాడిస్తూ ఉంటే మాట రావచ్చని డాక్టరు చెప్పారు. వండిన కూర గురించి చెప్పాను, కోతల గురించి చెప్పాను. దేవుణ్ణి తిట్టాను, ఆయన్నీ తిట్టాను. ఆయన పైకప్పు చూస్తూ పడుకునేవారు. బాగున్న ఎడమచెయ్యి కూడా తనంతట తాను ఎత్తేవారు కాదు. మూడు నెలలు అలాగే గడిచాయి.

అప్పుడు నాకొకటి తోచింది. తప్పు కనబడితే ఊరుకునే మనిషి కాదు కదా. ఆ పేజీని తప్పుతోనే మళ్లీ రాశాను. వేపాకు తీసేసి మిరపకాయలు పెట్టాను. చాలదనిపించి, గుహలో తల్లి నోట్లో చుట్ట కూడా పెట్టాను. పొగాకూ ఓడల్లో వచ్చిందేనని ఆయనే చెప్పారు. దింపుడు కళ్లం ఆశ అన్న మాట మనసులో మెదిలింది. బతికున్న మనిషిని పెట్టుకుని ఆ మాటేమిటని చెంపలేసుకున్నాను.

మంచం పక్కన కూర్చుని ఒక్కో మాటా విడదీసి గట్టిగా చదివాను. మిరపకాయల దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లు పైకప్పు మీంచి దిగి నా మీద నిలిచాయి. వింటున్నారు! కాగితం తీసుకెళ్లి ఎడమచేతి కింద పెట్టాను.

"ఎలా ఉందండీ?" అన్నాను, ఎప్పుడూ అడిగినట్టే. ఒక్కసారి "ఏమే" అంటే చాలు, జన్మంతా తిట్టించుకుంటాను అనుకున్నాను.

చెయ్యి మెల్లిగా లేచింది. బొటనవేలు కాగితం అంచుకి తగిలింది. గోరు కదల్లేదు. ఆయన అరచెయ్యి పరిచి, తప్పు లేని కాగితాన్ని తట్టినట్టే, దాన్ని ఒకసారి తట్టారు.

"అబ్బాయి చెయ్యెత్తాడు!" అంటూ అత్తయ్య ఏడుస్తూ, నవ్వుతూ వీధిలోకి పరుగెత్తింది. పక్కింటివాళ్లు వచ్చారు. ఇక ఫరవాలేదమ్మా అన్నారు. నేను ఆ కాగితం పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే, పాపం, సంతోషం పట్టలేకపోతోంది అనుకున్నారు.