చెవిలో రెక్కల చప్పుడు

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం నా తలలోకి హెలికాప్టర్ దిగింది.

ప్రోతరాపూర్‌లో మా ఇంటి వెనక, అడవి అంచున, ఒక పెద్ద పడౌక్ చెట్టు ఉండేది. దాగుడుమూతల్లో దొంగనైతే దాని మానుకి చెంప ఆనించి అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. ఆ రోజు పెచ్చులేచిన బెరడు కింద నుంచి ఏదో చరచరా పాకి నా కుడి చెవిలో దూరింది. రేకుల కప్పు మీద తుఫాను వాన తల లోపల కురిసినట్టయింది. ఇక చెవుడు ఖాయమని, అదీ బతికి బయటపడితేనేనని తేల్చుకుని నేల మీద పడి పొర్లాను.

మా తాతయ్య ఫోన్ టార్చి వెలిగించి చెవి దగ్గర పెట్టారు. "దీపానికి పురుగు రాకేం చేస్తుంది!" అన్నారు ధీమాగా. అది రాలేదు సరికదా, ఇంకా లోపలికి జరిగింది.

నా కేకలకి పక్కింటి దీదీ గోడ దూకి వచ్చింది. కాలేజీలో పురుగుల గురించే చదివేది. ఎక్కడ నిలబడ్డావని అడిగి, నేను వేలితో చూపించగానే, నన్ను వదిలేసి చెట్టు దగ్గరికి పోయింది. నిర్ఘాంతపోయాను. ఇక్కడ ప్రాణం పోతుంటే బెరడు పరిశీలనా?

ఒక పెచ్చు ఎత్తి చూసి అక్కడి నుంచే అరిచింది. "తాతగారూ, టార్చి బంద్ చేయండి! ఈ చిమ్మటలు వెలుగు పడితే సందుల్లోకి దూరతాయి. వీడి చెవినీ సందే అనుకుంది పాపం."

"చిమ్మటంటే చెట్టు మీద కూర్చుని కీచుమని అరిచేది కదమ్మా?"

"అది వేరు, ఇది పతంగా, సీతాకోకచిలుక లాంటిది. అరుస్తున్నది మీ మనవడు."

"దీదీ, మెదడు తినేస్తుందా?"

"దానికి పళ్ళే లేవు. అయినా అంత దూరం వెళ్తే దానికేం దొరుకుతుందిరా? చుప్‌చాప్ పక్కకి తిరిగి పడుకో."

గోరువెచ్చని కొబ్బరినూనె చెవిలో పోసింది. చప్పుడు మెల్లగా ఆగింది. తల వంచితే నూనెతో పాటు అది గిన్నెలోకి జారింది. బియ్యపుగింజంత. బూడిద రంగు రెక్కలు మడుచుకుంటే అచ్చం బెరడు పొట్టే. "ఇంతేనా?" అన్నాను, అవమానంగా. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని గిన్నెలో ఇంకేమైనా ఉందేమోనని వెతికారు. ఆస్పత్రిలో చూపిస్తే చెవికేమీ కాలేదన్నారు.

ఇప్పటికీ ఎవరైనా కొంప మునిగిందని ఫోన్ చేస్తే, అది ఎంతుంది, ఎక్కడి నుంచి వచ్చింది అనే ముందు అడుగుతాను. జాలి లేనివాడినని పేరొచ్చింది. పరవాలేదు. నాకు భయం వేసినప్పుడు మాత్రం, పక్కన కూర్చుని ఏడ్చేవాళ్ళు నాకొద్దు. నన్ను కాసేపు పొర్లనిచ్చి, వెళ్ళి ఆ పెచ్చు ఎత్తి చూసే మనిషి ఒక్కరుంటే చాలు.