వేలు చూపకుండా కొంగల్ని లెక్కపెట్టిన రోజు

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన నేను, పోయినేడు వేసవి నీటిపక్షుల లెక్కింపులో తప్పాను. దుర్గి అవతల పక్షుల కోసం కాపాడుతున్న చెరువొకటి ఉంది. అక్కడ గంట తేడాతో రెండుసార్లు లెక్కపెట్టాలి. రెండింటికీ తేడా పదికి మించకూడదు. నాకు డెబ్బై వచ్చింది. లెక్కింపు నడిపేవాళ్లు నా కాగితం కొట్టేశారు. ఈసారి కూడా కుదరకపోతే ఆ చెరువునే కాపాడే చెరువుల జాబితాలోంచి తీసేస్తామన్నారు. పైగా మావారు, "కొంగలక్కూడా గ్రేస్ మార్కులు వేశావా?" అని రోజూ ఎత్తిపొడుపు. తల కొట్టేసినట్టయింది. అందుకే మే నెల ఎండల్లో మళ్లీ బయలుదేరాను.

నరసరావుపేటలో తెల్లవారుజామున నాలుగున్నర బస్సెక్కితే ఆరున్నరకల్లా మాచర్ల చేరాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. స్టాండు ఎదుట ముప్పై రూపాయలకు నాలుగిడ్లీలు, కారప్పొడి. అక్కణ్ణుంచి మస్తాన్ అనే అతని ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ, మధ్యలో ఆగినందుకూ కలిపి ఆరువందలు, దారి అరగంట.

"అందరూ సాగర్ చూడ్డానికొస్తారు. మీరేంది మేడమ్, కొంగల కోసం ఇంత దూరం?" అన్నాడు.

"నా పరువు అక్కడే పోయింది బాబూ. వెతుక్కోడానికి" అన్నాను. నవ్వి, చెరువు గట్టున తుమ్మచెట్టు నీడలో ఆటో ఆపాడు.

నీళ్లు సగానికి ఇంకిపోయి, బురద నిండా తెల్లకొంగలు, నీటికాకులు. వేలు చాపి ఒకటి, రెండు అని మొదలుపెట్టానో లేదో, వెనకనుంచి ఒక గొంతు. "ఏందమ్మా, ముందు ఆ యేలు దించు."

గేదెల్ని తోలుకొస్తున్న ఆవిడ పేరు వెంకాయమ్మ. నా వేలు తన గేదెల వైపు ఉందట. "యేలు పెట్టి లెక్కేస్తే దిష్టి తగులుద్ది. గొడ్లు తరిగిపోతయ్యి."

నేను లెక్కపెట్టేది కొంగల్నని చెప్పి నా గోడంతా వెళ్లబోసుకున్నాను. పోయినేడు మొదటి లెక్క కాగానే గేదెలు నీళ్లలో దిగాయి. కొంగలన్నీ చెదిరాయి. ఈ గట్టున చూసినవాటినే ఆ గట్టునా లెక్కేశాను. "ఈ పూట గంటసేపు గేదెల్ని ఆపగలవా అక్కా?" అని బతిమాలాను.

"ఈ ఎండకి ఆగుతయ్యా అయ్యి? ముందు దిగనీ. అయ్యి పడుకున్నాక కొంగలు వాటి పక్కనే చేరి కదలవు. అప్పుడు చానా నిదానంగా లెక్కేసుకో."

ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండని పిల్లల్ని కేకలేసిన దాన్ని, చెరువును మాత్రం పూర్తిగా చదవలేదు. సిగ్గేసింది. ఆగాను. ఎనిమిదికి పెన్ను కొసతో లెక్కపెడితే పక్షులన్నీ కలిపి రెండువందల ముప్పై ఒకటి. తొమ్మిదికి రెండువందల ఇరవై ఎనిమిది. తేడా మూడు. ఆ సంతోషంలో మస్తాన్ ఫ్లాస్కులో టీ మొత్తం నేనే తాగేశాను.

వచ్చేటప్పుడు వెంకాయమ్మ అనుమానంగా అడిగింది. "నా గేదెల్ని గూడా లెక్కేశావా పంతులమ్మా?"

"లేదక్కా" అన్నాను.

వారానికి కబురొచ్చింది. లెక్క ఒప్పుకున్నారు, చెరువు జాబితాలోనే ఉంది. మావారు నోరు మూసుకున్నారు. పుస్తకాల్లో లేని పాఠం గేదెల వెనక నడిచే మనిషి దగ్గర ఉంటుందని ఈ వయసులో తెలిసింది, తెలిసినందుకు సంతోషంగానే ఉంది. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: గేదెలు నీళ్లలో సర్దుకున్నాకే లెక్క మొదలుపెట్టండి, అదీ వేలు చూపకుండా. ఇక ఆవిడ గేదెలెన్నో నన్నడక్కండి. ముప్పై ఏళ్ల అలవాటు, కళ్లు వాటంతటవే లెక్కేశాయి. కానీ ఆ అంకె మావారిక్కూడా చెప్పలేదు.